రైస్ మిల్లు సాఫ్ట్‌వేర్‌ను మాడ్యూళ్లుగా కట్టాలంటే ఏ ఫ్రేమ్‌వర్క్?

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ. మా మేనమామ ఇరవై ఏళ్ల కిందట రైస్ మిల్లుల కోసం వీబీ6లో (విజువల్ బేసిక్ 6) ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. వెనకాల యాక్సెస్ డేటాబేస్. చుట్టుపక్కల మిల్లుల్లో చాలామంది ఇప్పటికీ అదే వాడుతున్నారు. కాటా, ధాన్యం కొనుగోలు, సీఎంఆర్ (సర్కారు ధాన్యం ఆడించి బియ్యం అప్పగించడం), గోనె సంచుల లెక్క, అమ్మకాలు, జీఎస్టీ అన్నీ ఒకే ఎక్స్‌ఈలో (ప్రోగ్రామ్ ఫైలులో) ఉన్నాయి. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట పాడవుతోంది. ఫైలు 2 జీబీకి దగ్గరపడుతోందని ప్రతి సీజన్‌కూ కొత్త ఫైలు పెడుతున్నాం. ఇప్పుడు ముగ్గురం కలిసి దీన్ని కొత్తగా, మాడ్యూళ్లుగా రాయాలనుకుంటున్నాం. మిల్లు ఏది కొంటే ఆ మాడ్యూల్ మాత్రమే ఇవ్వాలి. నాకు సీ షార్ప్ బాగానే వచ్చు. మా ఫ్రెండ్‌కు రియాక్ట్ (వెబ్ స్క్రీన్లు రాసేది) వచ్చు. మామయ్య వీబీ తప్ప ఇంకోటి ముట్టనంటారు. ఎలక్ట్రాన్ (వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టేది) అని ఒకరు, మావీ (ఫోన్లకూ డెస్క్‌టాప్‌కూ మైక్రోసాఫ్ట్ ఇచ్చినది) అని ఒకరు, డబ్ల్యూపీఎఫ్ (విండోస్ స్క్రీన్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చినది) పాతబడిందని ఒకరు, అసలు డెస్క్‌టాప్ ఎందుకు వెబ్ చెయ్యండని ఒకరు చెప్తున్నారు. చీటీలు తెలుగులో రావాలి. ఓనర్లు ఫోన్లో రిపోర్టు అడుగుతున్నారు. ఏది ఎంచుకోమంటారు?

సమాధానం:

డాట్‌నెట్ 10, సీ షార్ప్, డబ్ల్యూపీఎఫ్. వెనకాల మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. ఎందుకన్నది కాస్త ఆగి చెప్తాను. ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది ఫ్రేమ్‌వర్క్ సంగతి కాదు, "మిల్లు ఏది కొంటే ఆ మాడ్యూల్ మాత్రమే" అన్న మాట.

మీరు అమ్మే మాడ్యూల్ వేరు, కోడ్‌లో ఉండాల్సిన మాడ్యూల్ వేరు. "సీఎంఆర్ ప్యాకేజీ" అని మీరు ఒక రేటు చెప్తారు. దాని లోపల కాటా కొంత, స్టాకు కొంత, సంచుల లెక్క కొంత ఉంటాయి. రేటు కార్డు చూసి కోడ్‌ను ముక్కలు చేస్తే, వచ్చే ఏడాది పోటీవాడు సంచుల లెక్క ఫ్రీగా ఇస్తున్నాడని మీరు కార్డు మార్చిన రోజున కోడ్ కూడా మార్చాల్సి వస్తుంది. అమ్మకం సంగతి లైసెన్స్ ఫైలుకు వదిలేయండి. అందరికీ ఒకే ఇన్‌స్టాలర్, అందులో అన్ని మాడ్యూళ్లూ ఉంటాయి, కొననివి మెనూలో కనపడవు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ప్రతి మిల్లులోనూ ఒకే వెర్షన్ నడుస్తుంది. లేదంటే ఒక మిల్లులో కాటా 1.2, కొనుగోలు 1.5, ఇంకో మిల్లులో అటుదిటు. ఫోన్ మోగినప్పుడు ముందు వాళ్ల దగ్గర ఏముందో కనుక్కోవడానికే అరగంట పోతుంది. ముగ్గురే ఉన్న జట్టుకు అది తట్టుకోలేని ఖర్చు.

మరి కోడ్‌ను ఎక్కడ విడదీయాలి? మార్పు చెయ్యమని మీకు హుకుం ఎవరి దగ్గర నుంచి వస్తుందో చూసుకుని, ఆ గీత మీద విడదీయండి. మీ వ్యాపారంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది: 26 కిలోల బస్తా.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బియ్యం మీద పన్ను ఉందా లేదా అన్నది బ్రాండు మీద ఆధారపడేది. 2022 జూలై 18 నుంచి లెక్క మారింది. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం, అంతకు మించితే లేదు. మార్కెట్లోకి 26 కిలోల సంచులు ఎలా వచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూడండి. అప్పటిదాకా సంచి బరువు ప్యాకింగ్ వాళ్ల గొడవ. తెల్లారేసరికి అది పన్ను గొడవ అయింది. మీ మామయ్య కోడ్‌లో ఈ ఒక్క మార్పు కోసం బిల్లు ఫారం, సేల్స్ రిజిస్టర్, రిటర్న్ ఎక్స్‌పోర్ట్, స్టాకు రిపోర్టు అన్నీ తెరిచి ఉంటారని పందెం కాస్తాను.

అదే పన్ను నిర్ణయం ఒకే చోట ఉంటే ఇంత తంటా ఉండదు. సరుకు ఏమిటి, సంచి బరువెంత, లేబుల్ ఉందా, బిల్లు తేదీ ఏది అని అడిగి రేటు చెప్పడం దాని పని. అంతకు మించి ఏమీ చెయ్యదు. తేదీని మాత్రం మరిచిపోకండి. పాత బిల్లుకు ఇవాళ క్రెడిట్ నోట్ ఇవ్వాల్సి వస్తే పాత రేటే పడాలి. 2025 సెప్టెంబర్ 22న బోలెడు వస్తువుల రేట్లు ఒక్కసారే మారినప్పుడు, తేదీతో సహా పట్టిక పెట్టుకున్నవాళ్లు నాలుగు వరుసలు చేర్చి పడుకున్నారు. ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చెయ్యడం) పరిమితి కూడా ఇలాంటిదే. 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్‌తో మొదలై 100, 50, 20, 10 కోట్ల మీదుగా 2023 ఆగస్టు 1కి 5 కోట్లకు దిగింది. ఆ టర్నోవర్ లెక్కలో పన్ను లేని బియ్యం అమ్మకాలు కూడా కలుస్తాయి కాబట్టి మీ కస్టమర్లలో చాలామంది అందులోకి వచ్చే ఉంటారు. ఇలాంటి అంకెలు కోడ్‌లో కాదు, పట్టికలో ఉండాలి.

సీఎంఆర్ ఇంకో రకం. అక్కడ హుకుం సివిల్ సప్లైస్ నుంచి వస్తుంది. ధాన్యం ప్రభుత్వానిది. మిల్లు ఆడించి రా రైస్ అయితే క్వింటాలుకు 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. నూక, తవుడు, ఊక మిల్లుకే. గోడౌన్లో మాత్రం సొంత ధాన్యం, సర్కారు ధాన్యం పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి స్టాకు మాడ్యూల్‌లో "ఎంత ఉంది" అన్నదాని పక్కన "ఎవరిది" అన్నది మొదటి రోజు నుంచే ఉండాలి. తర్వాత చేర్చుకుందాం అనుకుంటే ప్రతి రిపోర్టూ తిరగరాయాలి. సీఎంఆర్ నియమాలు మాత్రం స్టాకులోకి రాకూడదు. 67 అన్న అంకె స్టాకు మాడ్యూల్‌కు తెలియాల్సిన పని లేదు.

ఈ లెక్కన మీకు పన్ను ఒకటి, సీఎంఆర్ ఒకటి, కాటా ఒకటి, స్టాకు-సంచులు ఒకటి, కొనుగోలు-హమాలీ ఒకటి, అమ్మకాలు ఒకటి, అకౌంట్స్ ఒకటి, ప్రింటింగ్ ఒకటి వస్తాయి. ఇంతకంటే ఎక్కువ వద్దు.

ఇప్పుడు వాటి మధ్య గోడలు. మీ పాత సాఫ్ట్‌వేర్‌లో ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట పాడవడానికి కారణం అంతా ఒకే ఎక్స్‌ఈలో ఉండటం కాదు. ఏ ఫారమైనా ఏ టేబుల్‌లోనైనా రాసేయగలగడం. పది డీఎల్ఎల్‌లుగా (విడి కోడ్ ఫైళ్లుగా) విడగొట్టినా, పదీ వెళ్లి స్టాకు టేబుల్‌లో రాస్తుంటే మీరు కట్టింది మళ్లీ పాత ఇల్లే. కాటా మాడ్యూల్ గ్రాస్ (నిండు బండి బరువు), టేర్ (ఖాళీ బండి బరువు) తీసి చీటీ ముగించాలి, ముగిసిందని చెప్పాలి. అంతటితో దాని పని అయిపోయింది. ఆ మాట విని, రైతు బండి అయితే కొనుగోలు మాడ్యూల్, ట్రక్ షీట్ (సర్కారు కొనుగోలు కేంద్రం ఇచ్చే కాగితం) ఉన్న బండి అయితే సీఎంఆర్ మాడ్యూల్ తమ తమ టేబుళ్లలో రాసుకుంటాయి. కొనుగోలు బిల్లు దిద్దుతూ గుమస్తా కాటా బరువు మార్చే దారి ఉండకూడదు. తేడా వస్తే సవరణ ఎంట్రీ వేరేగా పడాలి. రైతుతో తగాదా వచ్చినప్పుడు మిల్లును కాపాడేది అదే. ప్రైవేట్ లిమిటెడ్‌గా ఉన్న మిల్లులకైతే ఇది చట్టం కూడా. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పే చిట్టా) తప్పనిసరి.

ఈ క్రమశిక్షణను నోటిమాట మీద వదిలేయకండి, కంపైలర్ చేత చేయించండి. ప్రతి మాడ్యూల్‌కూ రెండు ప్రాజెక్టులు పెట్టండి. బయటివాళ్లకు కనపడే ఇంటర్‌ఫేసులు, ఈవెంట్లు ఒకదాంట్లో, అసలు కోడ్ రెండోదాంట్లో. పక్క మాడ్యూల్ మొదటిదాన్నే రిఫరెన్స్ చేసుకోవాలి. ఎవరైనా అడ్డదారిన వెళ్తే బిల్డ్ అక్కడే ఆగుతుంది. డేటాబేస్‌లో మాడ్యూల్‌కో స్కీమా (టేబుళ్లకు విడి అర) పెట్టండి. డేటాబేస్ మాత్రం ఒకటే. మాడ్యూల్‌కో డేటాబేస్, మైక్రోసర్వీసులు (ప్రతిదీ ఒక విడి ప్రోగ్రామ్) అని ఎవరైనా అంటే దండం పెట్టి పంపేయండి. కరెంటు పోయినప్పుడు కాటా చీటీ పడి కొనుగోలు పడకుండా మిగిలిపోతే దాన్ని సరిచేసుకోవడం మీ వల్ల కాదు. ఒకే డేటాబేస్ అయితే రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి, లేదంటే రెండూ పడవు.

గమనించారా, ఇప్పటిదాకా చెప్పినదానికి ఏ యూఐ (స్క్రీన్లు గీసే) ఫ్రేమ్‌వర్కుతోనూ పని లేదు. ఈ భాగమంతా స్క్రీన్ అంటూ లేని మామూలు సీ షార్ప్ లైబ్రరీలు. మీ పనిలో పెద్ద భాగం అదే.

సరే, డబ్ల్యూపీఎఫ్ ఎందుకన్నది చెప్తాను.

మిల్లు కౌంటర్ దగ్గర కూర్చున్న గుమస్తాను చూడండి. సీజన్లో బయట బండ్లు బారులు తీరి ఉంటాయి. చెయ్యి కీబోర్డు మీద నుంచి లేవదు. ఎంటర్ కొడితే పక్క గడిలోకి పోవాలి, ట్యాలీలో అలవాటైన పద్ధతి అది. ముందర పెద్ద గ్రిడ్ ఉండాలి, అందులోనే టైపు చేసి కిందకు దిగాలి. ఈ గ్రిడ్ దగ్గరే సగం ఫ్రేమ్‌వర్కులు రాలిపోతాయి. విన్‌ఫామ్స్‌కు (డబ్ల్యూపీఎఫ్ కంటే ముందు మైక్రోసాఫ్ట్ ఇచ్చినది) మొదటి నుంచీ సొంత గ్రిడ్ ఉంది, డబ్ల్యూపీఎఫ్‌కు 2010 నుంచి ఉంది. మావీలో అలాంటి డేటా గ్రిడ్ లేదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. మైక్రోసాఫ్ట్‌దే అయిన విన్‌యూఐ 3లోనూ అదే కథ. మావీ పుట్టుకే ఫోన్ల కోసం వచ్చిన జామరిన్ నుంచి. ఫోన్ యాప్‌కు వాడితే బాగుంటుంది. కాటా గదిలో కూర్చునే గుమస్తా కోసం ఎవరూ దాన్ని తయారుచెయ్యలేదు. (డబ్ల్యూపీఎఫ్‌లో కూడా ఎంటర్‌తో పక్క గడిలోకి పోవడం దానంతట అది రాదు. కీ పట్టుకుని ఫోకస్ జరిపే కోడ్ ఒక్కసారి రాసి అన్ని స్క్రీన్లకూ తగిలించాలి. మొదటి వారంలోనే ఆ పని చెయ్యండి.)

పాతబడిందన్న మాట నిజమే. డబ్ల్యూపీఎఫ్ 2006లో వచ్చింది. కానీ పాతబడటం వేరు, ఆగిపోవడం వేరు. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ప్లగిన్ సిల్వర్‌లైట్ డబ్ల్యూపీఎఫ్ తర్వాత పుట్టి 2021 అక్టోబర్‌లో సపోర్టు పోగొట్టుకుంది. జామరిన్‌కు 2024 మేలో తలుపులు మూశారు. ఈ గోలంతా జరుగుతున్నప్పుడు విన్‌ఫామ్స్, డబ్ల్యూపీఎఫ్ రెండూ 2018 డిసెంబర్‌లో ఓపెన్ సోర్స్ అయ్యాయి, 2019లో డాట్‌నెట్ కోర్ 3.0తో కొత్త డాట్‌నెట్‌లోకి వచ్చాయి, ప్రతి ఏటా కొత్త వెర్షన్‌తో పాటు వస్తూనే ఉన్నాయి. డాట్‌నెట్ 10 దీర్ఘకాల సపోర్టు ఉన్న వెర్షన్, 2025 నవంబర్‌లో వచ్చింది, 2028 నవంబర్ దాకా సపోర్టు ఉంటుంది. మీకు వచ్చిన సీ షార్ప్ మొత్తం అక్కరకొస్తుంది.

విన్‌ఫామ్స్ ఎందుకు కాదని మామయ్య అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వీబీ6కు దగ్గరి చుట్టం అది, ఫారాలు వేగంగా తయారవుతాయి. రెండు కారణాలతో డబ్ల్యూపీఎఫ్ వైపు మొగ్గుతున్నాను. ఒకటి, వేర్వేరు రిజల్యూషన్లు, స్కేలింగ్ ఉన్న మానిటర్ల మీద స్క్రీన్ చెదిరిపోకుండా నిలబడటం. రెండోది మీకు ముఖ్యమైనది. డబ్ల్యూపీఎఫ్‌లో షెల్ కిటికీకి (మాడ్యూళ్ల స్క్రీన్లను చూపించే బయటి చట్రం) లోపల ఏ స్క్రీన్ వస్తుందో తెలియాల్సిన పని లేదు. మాడ్యూల్ ఒక వ్యూమోడల్‌ను (స్క్రీన్ వెనకాల ఉండే కోడ్), దాని టెంప్లేట్‌ను (అది కనపడే తీరు) ఇస్తుంది, షెల్ చూపిస్తుంది. విన్‌ఫామ్స్‌లో బటన్ మీద డబుల్ క్లిక్ చేసి అక్కడే ఎస్‌క్యూఎల్ రాసేయడం మరీ సులువు. మీరు పారిపోతున్నది సరిగ్గా ఆ అలవాటు నుంచే. అయినా రెండు వారాలు కుస్తీ పట్టాక కూడా డబ్ల్యూపీఎఫ్ బైండింగ్‌లు (స్క్రీన్‌ను డేటాకు కట్టే పద్ధతి) మీకు ఒంటబట్టకపోతే విన్‌ఫామ్స్‌కు పొండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. లైబ్రరీలు ఎటూ అవే.

ఎలక్ట్రాన్ చెడ్డదేమీ కాదు. వీఎస్ కోడ్ దాని మీదే నడుస్తోంది. కానీ ప్రతి యాప్‌తో ఒక క్రోమియం (క్రోమ్ బ్రౌజర్‌కు మూలం) మోసుకొస్తుంది. 4 జీబీ ర్యామ్‌తో ఈడ్చుకొస్తున్న మిల్లు కంప్యూటర్ మీద, పక్కన ట్యాలీ తెరిచి ఉండగా, ఆ భారం తెలుస్తుంది. దానికి తోడు సీ షార్ప్ వచ్చిన మీరు పక్కన కూర్చోవాలి, భారమంతా మీ ఫ్రెండ్ మీద పడుతుంది. అలాంటిదే అయిన టౌరీ తేలిక, కానీ లోపలి పనికి రస్ట్ కావాలి. మీలో ఎవరికీ అది రాదు. మిల్లుల్లో ఎక్కడైనా లినక్స్ నడుస్తుంటే అవలోనియా చూడమనేవాణ్ని, డబ్ల్యూపీఎఫ్ తెలిసినవాళ్లకు అది త్వరగా పట్టుబడుతుంది. మీరు లినక్స్ మాటే ఎత్తలేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

వెబ్ చెయ్యమన్నవాళ్ల మాటలో పస ఉంది. బిల్లులు కొట్టుకునే పని ఒక్కటే అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. క్రోమ్‌లో 2021 నుంచి సీరియల్ పోర్టు (కాటా తగిలించేది) కూడా చదవొచ్చు. కానీ నెట్ పోయినా కాటా ఆగకూడదు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు నేరుగా రాయాలి. ఆ రెండింటి దగ్గర బ్రౌజర్‌తో కుస్తీ తప్పదు.

విండోస్ 7 మీదున్న మిల్లుల గురించి మీరు రాయలేదు గానీ ఉండే ఉంటాయి. కొత్త డాట్‌నెట్ అక్కడ నడవదు. ఎలక్ట్రాన్ కూడా 2023లో 23వ వెర్షన్‌తో విండోస్ 7ను వదిలేసింది. వాళ్ల కోసం పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద కట్టాలన్న ఆలోచన మానుకోండి. కంప్యూటర్ మార్చేదాకా వాళ్లు వీబీ6 వెర్షన్‌తోనే ఉంటారు. వీబీ6 రన్‌టైమ్ విండోస్ 11లో కూడా నడుస్తోంది కదా, ఎవరికీ తొందరేమీ లేదు.

ఇక మాడ్యూళ్ల కోసమే పుట్టిన ఫ్రేమ్‌వర్కులు. మీరు వెతకడం మొదలుపెట్టగానే ప్రిజమ్ పేరు తగులుతుంది. షెల్, రీజియన్లు, మాడ్యూల్ కేటలాగ్, మాడ్యూళ్ల మధ్య ఈవెంట్లు అన్నీ అందులో ఉన్నాయి. దాని చరిత్ర ఒకసారి చూడండి. విన్‌ఫామ్స్ కోసం 2005లో మైక్రోసాఫ్ట్ వాళ్లే క్యాబ్ అని ఒకటి ఇచ్చారు. దాన్ని ఇవాళ తలుచుకునేవాళ్లు లేరు. తర్వాత 2008లో డబ్ల్యూపీఎఫ్ కోసం ప్రిజమ్ వచ్చింది. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని బయటి బృందానికి అప్పగించింది. 9వ వెర్షన్ నుంచి లైసెన్స్ మారింది, చిన్న సంస్థలకు ఉచితం, పెద్దవాళ్లకు డబ్బు. క్యాబ్ పోయింది, విన్‌ఫామ్స్ ఉంది. స్క్రీన్లు గీసే టెక్నాలజీ కంటే వాటిని అతికించే టెక్నాలజీ ముందే మారిపోతూ వచ్చింది. మీ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఇరవై ఏళ్లు బతికింది, కొత్తది కూడా అంతకాలం బతకాలి కదా.

అందుకని అతుకు మీరే వేసుకోండి. అది పెద్ద పనేమీ కాదు. ప్రతి మాడ్యూల్ నాలుగు విషయాలు చెప్పేలా ఒక చిన్న ఇంటర్‌ఫేస్ రాయండి: నా సర్వీసులు ఇవి, నా మెనూలు ఇవి, నా టేబుళ్ల మార్పులు ఇవి, నాకు కావలసిన పర్మిషన్లు ఇవి. షెల్ మొదలవగానే అందరినీ వరసగా పిలుస్తుంది. డిపెండెన్సీ ఇంజెక్షన్‌కు (సర్వీసులను కావలసినచోట అందించడానికి) డాట్‌నెట్‌తో వచ్చేది సరిపోతుంది, వ్యూమోడళ్లకు కమ్యూనిటీ టూల్‌కిట్ ఎంవీవీఎం చాలు. ప్రిజమ్ వాడితే తప్పని అనడం లేదు. పాతికమంది డెవలపర్లు, నాలుగు బృందాలు ఉన్నచోట అది పెట్టే కట్టుబాట్లు పనికొస్తాయి. మీ ముగ్గురికి దాని పరిభాష నేర్చుకునే ఖర్చే ఎక్కువ.

ఫోల్డర్‌లో డీఎల్ఎల్ పడేస్తే దానంతట అదే లోడ్ అయ్యే ప్లగిన్ పద్ధతి మీద కూడా మోజు వద్దు. డాట్‌నెట్ కోర్ నుంచి విడి యాప్‌డొమైన్లు (కోడ్‌ను వేరుగా లోడ్ చేసుకునే గదులు) చేసుకోలేం, ఆ పనికి అసెంబ్లీ లోడ్ కాంటెక్స్ట్ వాడాలి. రెండు ప్లగిన్లు ఒకే లైబ్రరీని వేర్వేరు వెర్షన్లలో అడిగిన రోజున సరదా తీరిపోతుంది. బయటివాళ్లెవరూ మీ సాఫ్ట్‌వేర్‌కు మాడ్యూళ్లు రాయడం లేదు. అలాంటప్పుడు ఆ తలుపు తెరిచి పెట్టడం ఎవరి కోసం?

ఒక్కచోట మాత్రం తెరవాలి, అది కాటా. మిల్లుకో కంపెనీ ఇండికేటర్ (కాటా బరువు చూపించే పెట్టె) ఉంటుంది. ఒకటి 2400 బాడ్ (డేటా పంపే వేగం), ఇంకోటి 9600. ఒకటి ఆగకుండా అంకెలు పంపుతూనే ఉంటుంది, ఇంకోటి అడిగితేనే చెప్తుంది. ఒకదానికి బరువు ముందు గుర్తు ఉంటుంది, ఇంకోదానికి చివర. ఇక్కడ ఇంటర్‌ఫేస్ చాలా చిన్నది: బరువెంత, నిలకడగా ఉందా. దాని వెనకాల బాడ్, పారిటీ (తప్పు పట్టే బిట్), మొదటి గుర్తు, అంకెలు మొదలయ్యే చోటు, పొడవు అన్న పట్టిక పెడితే ఎక్కువ ఇండికేటర్లు కోడ్ లేకుండానే పలుకుతాయి. మొండికేసే వాటికి విడిగా చిన్న క్లాస్ రాసుకోండి. ఇంకో రెండు మాటలు. సీరియల్ పోర్టులో డేటా వచ్చిందని చెప్పే ఈవెంట్ వేరే త్రెడ్ (పక్కన సమాంతరంగా నడిచే పని) మీద వస్తుంది, అక్కడి నుంచి నేరుగా స్క్రీన్‌ను ముట్టుకోకండి. అలాగే బండి లేకుండా పరీక్షించడానికి ఫైలు నుంచి అంకెలు చదివే దొంగ ఇండికేటర్ ఒకటి మొదటి రోజే రాసుకోండి. ప్రతి చిన్న మార్పుకూ మిల్లుకు పరుగెత్తాల్సిన బాధ తప్పుతుంది.

ప్రింటింగ్‌ను విడి మాడ్యూల్‌గా ఎందుకు పెట్టమన్నానంటే, అది చూసినంత చిన్న పని కాదు. డాట్ మ్యాట్రిక్స్ మీద విండోస్ గ్రాఫిక్స్ ద్వారా ప్రింట్ పంపితే చీటీకి చీటీకి మధ్య టీ తాగి రావొచ్చు. ఇంగ్లిష్ చీటీ అయితే అక్షరాలను నేరుగా ప్రింటర్‌కు పంపండి, చకచకా కొట్టేస్తుంది. తెలుగు అలా కుదరదు, మామూలుగా ఆ ప్రింటర్ల లోపల తెలుగు అక్షరాలు ఉండవు. థర్మల్ ప్రింటర్లకూ అదే ఇబ్బంది, కానీ తెలుగు చీటీని బొమ్మగా మార్చి పంపితే థర్మల్ వేగంగానే వేస్తుంది. కాబట్టి రైతుకిచ్చే తెలుగు చీటీ థర్మల్ మీద, నాలుగు కార్బన్ కాపీలు కావలసిన ఇంగ్లిష్ చీటీ డాట్ మ్యాట్రిక్స్ మీద. రెండూ కావాలనే ఓనర్లు ఉంటారు, రెండు ప్రింటర్లూ పెట్టుకోమనండి.

స్క్రీన్ మీద తెలుగుకు కొత్త విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంట్ ఉంది, ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే వస్తాయి. మీ అసలు తలనొప్పి పాత డేటాలో ఉంటుంది. వీబీ6 కంట్రోళ్లకు యూనికోడ్ రాదు కాబట్టి మామయ్య రైతుల పేర్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పెట్టి ఉంటారు. అలా అయితే డేటాబేస్‌లో ఉన్నది తెలుగు కాదు, ఫాంట్ తీసేస్తే పిచ్చి గీతలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి, కొత్త కాలమ్‌లన్నీ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ పట్టే రకం) అయ్యుండాలి. మార్చిన పేర్లను మిల్లు గుమస్తా చేత ఒకసారి చదివించండి. రైతు పేరులో ఒత్తు ఎగిరిపోతే ఆ బాధ్యత మీది.

అందుకే స్క్రీన్ల కంటే ముందు డేటా. యాక్సెస్ ఫైళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి మార్చి, ఉన్న వీబీ6 ప్రోగ్రామ్‌నే దానికి తగిలించండి. కనెక్షన్ మార్చినంత మాత్రాన సరిపోదు. క్వెరీల్లో తేదీలకు పెట్టిన హ్యాష్ గుర్తులు అక్కడ చెల్లవు, యాక్సెస్‌లో నిజం అంటే మైనస్ 1, ఇక్కడ 1. వెతికి వెతికి దిద్దాలి. ఈ పని మామయ్య తప్ప ఇంకెవరూ చెయ్యలేరు, ఆయనకు కొత్త భాషా నేర్పక్కర్లేదు. ఇది అయిపోతే సీజన్‌కో ఫైలు గొడవ ఆగిపోతుంది, వాడేవాళ్లకు స్క్రీన్ కూడా మారదు. తర్వాత అదే డేటాబేస్ మీద కొత్త మాడ్యూళ్లను ఒక్కొక్కటే పక్కన నిలబెట్టొచ్చు.

మొదటి మాడ్యూల్ కాటా. మిగతావాటి మీద ఆధారపడేది తక్కువ, తప్పు జరిగితే ఆ గంటలోనే తెలుస్తుంది. రెండోది ప్రింటింగ్. పన్ను, అమ్మకాలు మూడో విడతలో. సీఎంఆర్‌ను చివరికి ఉంచండి, లెక్కలు చిక్కుగా ఉండేది అక్కడే. మార్పిడి ఏదైనా యాసంగి ధాన్యం సద్దుమణిగాక, వానాకాలం పంట రాకముందు, జూలై నుంచి సెప్టెంబర్ మధ్యలో చెయ్యండి. బండ్లు వరసకట్టినప్పుడు కొత్త వెర్షన్ పెట్టమని ఓనర్ అడిగినా పెట్టకండి. ఇన్‌స్టాలర్‌ను రన్‌టైమ్‌తో కలిపి ఇవ్వండి. సైజు వంద ఎంబీ దాటుతుంది గానీ మిల్లులో విడిగా డాట్‌నెట్ ఎక్కించే పని తప్పుతుంది.

ఓనర్లకు ఫోన్లో రిపోర్టు అన్నారు కదా, రియాక్ట్ వచ్చిన మీ ఫ్రెండ్ పని అదే. స్క్రీన్ లేని లైబ్రరీలు విడిగా ఉన్నాయి కాబట్టి వాటి మీద చిన్న ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ సర్వీసు పెడితే చాలు. మిల్లులోని కంప్యూటర్ నెట్ ఉన్నప్పుడు ఆ రోజు లెక్కలు పైకి పంపుతుంది, ఫోన్లో చూడటమే తప్ప దిద్దడం ఉండదు. ఇవాళ ఎన్ని బండ్లు దిగాయి, ఎంత ధాన్యం, సీఎంఆర్ బాకీ ఎంత, ఎవరి దగ్గర నుంచి డబ్బు రావాలి. ఓనర్లు రాత్రి పడుకునే ముందు చూసుకునేవి ఈ నాలుగే. అంతకంటే ఎక్కువ పెడతామని మాటివ్వకండి.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. కాటా ఎంట్రీ స్క్రీన్ ఒక్కటి డబ్ల్యూపీఎఫ్‌లో రాసి, దొంగ ఇండికేటర్ తగిలించి, మీకు బాగా దగ్గరైన మిల్లులో గుమస్తా ముందు పెట్టండి. మౌస్ తీసి పక్కన పెట్టేయండి. ఆయన పది చీటీలు కొట్టేదాకా మీరు నోరు విప్పకుండా వెనకాల నిలబడండి, ఎక్కడ చెయ్యి ఆగిందో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని మళ్లీ రాయండి, గ్రిడ్ గురించి, కీబోర్డు గురించి అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకోవచ్చు.